పడినప్పుడా, లేచినప్పుడా

మా గురువుగారికి ఒక అలవాటు ఉంది. మర్యాద కోసం అలవాటు అంటున్నాను. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. విననట్టు ఊరుకుంటారు, లేకపోతే "రేపు పొద్దున ఖాళీయేనా?" అని ఎదురడుగుతారు. ఖాళీయే అన్నామో, మర్నాడంతా ఆయన వెంట తిరగాలి. తిరిగి తిరిగి కాళ్ళు పీకేస్తుంటే చివర్లో ఒక ముక్క అంటారు. అదే జవాబు. అది మనకి ఎక్కిందో లేదో కూడా కనుక్కోరు. పేరు దక్షిణామూర్తి. నోరు విప్పకుండా శిష్యుల సందేహాలు తీర్చిన దేవుడి పేరది. కాని ఆ దేవుడు శిష్యుల్ని ఎండలో తిప్పినట్టు నేనెక్కడా చదవలేదు.

ఒంగోల్లో ఒక పాత పొగాకు గోడౌను వరండాలో, సాయంత్రం పూట ఆయన తర్కం చెబుతారు. వినేవాళ్ళం ఆరుగురం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుకోక ఈ గొడవలోకి ఎందుకొచ్చానో నాకే తెలియదు. మాలో నిజమైన శ్రద్ధ ఉన్నవాడు పానకాలు. కరెంటాఫీసులో గుమాస్తా, నలభై అయిదేళ్ళుంటాయి. గురువుగారు దగ్గినా నోటుబుక్కులో రాసుకుంటాడు.

ఆ సాయంత్రం పానకాలు లేచి నిలబడి అడిగాడు. "గురువుగారూ, పని తెలియనివాడు పని తెలిసినవాణ్ణి ఎలా గుర్తుపట్టాలి? గుర్తుపట్టాలంటే ఆ పని తనకీ తెలియాలి. తనకే తెలిస్తే ఇక వాడితో పనేముంది?"

తర్కం క్లాసులో అడగదగ్గ ప్రశ్నే. మేమందరం తలలూపాం. కాని అది పుస్తకంలోంచి పుట్టిన ప్రశ్న కాదని మా అందరికీ తెలుసు.

సంగతేమిటంటే, పానకాలు భార్య నాంచారమ్మ గ్రానైట్ క్వారీల మధ్య ఉన్న ఒక చిన్న బడిలో టీచరు. ఒంగోలు నుంచి ఇరవయ్యారు కిలోమీటర్లు. బడి మొత్తానికి ఆవిడ ఒక్కతే. ముప్ఫై ఒక్కమంది పిల్లలు, అందరూ క్వారీ కూలీల పిల్లలే. సగం మంది ఒరిస్సా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ కోసం ఆవిడ ఒరియా కూడా నేర్చుకుంది. నాలుగు నెలల కిందట నడుముకి పెద్ద ఆపరేషన్ చేసి లోపల రెండు కడ్డీలు వేశారు. డాక్టరు, బడికి వెళ్ళొచ్చు గాని వెనక్కి వాలి కూర్చుని వెళ్ళాలి, కుదుపు మాత్రం తగలకూడదు అన్నాడు. సెలవు వచ్చే ఆదివారంతో అయిపోతుంది. సోమవారం ఆవిడ చేరకపోతే ఆ బడి మూసేసి పిల్లల్ని ఆరు కిలోమీటర్ల అవతల బడిలో కలుపుతామని పైనుంచి కాగితం వచ్చింది. ఆ ఆరు కిలోమీటర్లూ రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు. పిల్లలు నడిచి వెళ్ళాలి. "ఒక్కరు కూడా వెళ్ళరు. వాళ్ళమ్మలు పంపరు, పంపకూడదు కూడా" అంటుంది నాంచారమ్మ.

అందుకని పానకాలు ఒక పాత వ్యాను కొన్నాడు. వెనక ఎడమ పక్క సీటు పీకించి, వాలి కూర్చునే కుర్చీ ఒకటి బిగించాడు. ఇక బండి కుదపకుండా నడవాలి. దానికి కింద బండి బరువు మోసే కమాను పట్టీలూ, ఊపు తగ్గించే షాకబ్జర్లూ ఆవిడ కోసమే ప్రత్యేకంగా చేయించాలి. ఇక్కడ మొదలయింది పానకాలు కర్మ.

మొదట, గోడ నిండా రేసు కార్ల ఫోటోలు ఉన్న షాపుకి వెళ్ళాడు. వాళ్ళు అదనంగా పట్టీలు వేసి బండిని జానెడు పైకి లేపారు. పానకాలు వెనక డోరు దగ్గర రెండు చేతులూ ఆనించి నొక్కి చూశాడు. మన ఊళ్ళో ప్రతివాడూ అలాగే చూస్తాడు. అలా నొక్కితే ఏం తెలుస్తుందో ఎవరికీ తెలియదు. నొక్కి, తల ఆడించి, బాగుంది అంటారు. పానకాలూ బాగుంది అన్నాడు. నాంచారమ్మని ఎక్కించుకుని క్వారీ రోడ్డెక్కితే మూడో కిలోమీటరులో కల్వర్టు దగ్గర ఆవిడ నాలుక కరుచుకుంది. రెండోసారి, చుట్టాలు చెప్పిన షాపుకి వెళ్ళాడు. వాళ్ళు పట్టీలు మార్చి ఉయ్యాలలా చేసిచ్చారు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ బాగుంది అన్నాడు. ఆ దెబ్బకి నాంచారమ్మ నాలుగు రోజులు మంచం దిగలేదు. నేను చూడ్డానికి వెళ్తే గోడ వైపు తిరిగి పడుకుని, "బండి సంగతి మాత్రం అడగకండి మాస్టారూ" అంది.

ఇదీ ఆ ప్రశ్న వెనక ఉన్న కథ. గురువుగారు అంతా ఎరిగినవారే. కళ్ళజోడు తుడుచుకుని, "రేపు పొద్దున ఖాళీయేనా?" అన్నారు. పానకాలు సెలవు పెడతానన్నాడు. ఆయన నావైపు తిరిగి, "మీరూ రండి" అన్నారు. నన్నెందుకు పిలిచారో ఈ రోజుకీ తెలియదు.

మర్నాడు బుధవారం. పానకాలు బండి తోలుతున్నాడు, గురువుగారు ముందు కూర్చున్నారు, నేను వెనక కుడి పక్క. పానకాలు నోటుబుక్కులో మూడు షాపుల పేర్లున్నాయి. రాత్రంతా ఫోన్లో వీడియోలు చూసి, తెలిసినవాళ్ళని అడిగి ఏరిన పేర్లు. ఒక్కొక్క పేరు పక్కన ఎందుకు మంచిదో కూడా రాసుకున్నాడు. చెప్పవలసిన మాటలు సైతం బడిపిల్లాడిలా వల్లె వేసుకొచ్చాడు. "మా ఆవిడకి నడుముకి ఆపరేషన్ అయింది, క్వారీ రోడ్డు మీద రోజూ వెళ్ళాలి, వెనక ఎడమ పక్క వాలి కూర్చుంటుంది, కుదుపు తగలకూడదు, బండి మెత్తగా చెయ్యాలి." ఇవీ ఆ మాటలు.

మొదటి షాపులో ఏసీ ఉంది. అద్దాల గదిలో కంప్యూటరుంది. ఓనరు నవ్వుతూ ఎదురొచ్చాడు. పానకాలు మొదలుపెట్టాడు. "మా ఆవిడకి నడుముకి ఆపరేషన్ అయింది, క్వారీ..."

"అయిపోద్ది సార్" అన్నాడు ఓనరు. "సాయంత్రానికి వచ్చి తీసుకెళ్ళండి. కూర్చోండి, కాఫీ తెప్పిస్తా."

పానకాలు మొహం వెలిగింది. తాళాలు ఇవ్వబోయాడు. గురువుగారు అప్పటికే లేచి బయటికి నడుస్తున్నారు. బండెక్కాక, "ఆరు" అన్నారు. ఏమిటి ఆరు అని నేనడిగితే కిటికీలోంచి బయటికి చూశారు. నాకు ఒళ్ళు మండింది.

రెండో షాపు ముందు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. రద్దీగా ఉందంటే పనిమంతుడనే కదా అని నాకూ అనిపించింది. ఆ ఓనరు ఫోను చెవికి పెట్టుకునే విన్నాడు. "మా ఆవిడకి నడుముకి ఆపరేషన్..." అనేసరికి చెయ్యెత్తి, "అయిపోద్దన్నా, అట్టాంటివి నెలకి పది చేస్తాం" అన్నాడు. నెలకి పదిమంది ఆడవాళ్ళ నడుములకి ఆపరేషన్లు ఈ ఊళ్ళో ఎక్కడవుతున్నాయో నాకర్థం కాలేదు. గురువుగారు బయటికొచ్చి, "నాలుగు" అన్నారు.

మూడో షాపు ఓనరు కుర్రాడు, మహా మర్యాదస్తుడు. పానకాలు "మా ఆవిడకి" అన్నాడో లేదో, "మేడమ్‌గారి కంఫర్ట్ కోసమా సార్? అయిపోద్ది!" అనేశాడు.

"రెండు" అన్నారు గురువుగారు.

అప్పటికి పన్నెండు దాటింది. ఎండ మాడ్చేస్తోంది. కడుపులో ఏమీ లేదు. లెక్కల మాస్టార్ని కాబట్టి అప్పటికి నాకు తెలిసింది. పానకాలు ఎన్ని మాటలు అన్నాక వాళ్ళు "అయిపోద్ది" అన్నారో ఆయన లెక్కపెడుతున్నారు. తెలిశాక నాకు మరీ చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ అక్కడ మంచంలో ఉంది, సోమవారం నెత్తి మీదికి వస్తోంది, ఈయన మాటలు లెక్కపెడుతున్నారు! పానకాలూ మొదటిసారి విసుక్కున్నాడు.

"ముగ్గురూ అవుతుందంటున్నారు గదండీ! ఎవరో ఒకరికి ఇచ్చేద్దాం. అవదన్నవాణ్ణి ఒక్కణ్ణన్నా చూపించండి, అప్పుడు మానేస్తా."

పానకాలు బండిని కసిగా రివర్సు చేసి, లారీల షెడ్లున్న సందులోంచి వెనక్కి తిప్పాడు.

ఆ సందులో ఒక రేకుల షెడ్డు ముందు, చేతిలో సుత్తితో నిలబడి ఉన్న అరవయ్యేళ్ళ మనిషి ఒకడు మా బండికి అడ్డం వచ్చాడు. గళ్ళ లుంగీ, బొగ్గుమసి పట్టిన బనీను. షెడ్డులో లారీల కమాను పట్టీలు గుట్టలుగా పడున్నాయి. బోర్డంటూ ఏమీ లేదు.

"ఆపు, ఆపు! ఎవురయ్యా ఈ బండిని ఇట్టా చేసింది?" అని అరిచాడు. "నడిచేటప్పుడు ఎనకమాల చూసుకున్నావా? ఒక పక్కకి ఒరిగి, తోక ఊపుకుంటా పోతాంది!"

పానకాలుకి అరికాలి మంట నెత్తికెక్కింది. దిగి, ఆ వల్లె వేసిన మాటలు కోపంగా మొదలుపెట్టాడు. ఆ మనిషి సుత్తి కింద పెట్టి విన్నాడు. ఆపరేషన్ దాటింది, క్వారీ దాటింది, ఎడమ పక్క దాటింది. ఈసారి చివరిదాకా చెప్పనిచ్చేసరికి పానకాలే తడబడ్డాడు.

"బండి మెత్తగా చెయ్యాలి" అని ముగించాడు.

"అవదు" అన్నాడు ఆ మనిషి.

"అవదా? ఊళ్ళో ఇంతమంది అవుతుందంటుంటే నీ ఒక్కడికే అవదా?"

"అయితే ఆళ్ళ కాడికే పోండి. నన్నెందుకు అడగతన్నారు?" అని సుత్తి తీసుకుని లోపలికి తిరిగాడు.

గురువుగారు బండి దిగారు. పొద్దున్నుంచి ఏ షాపులోనూ కూర్చోని మనిషి, అక్కడున్న మసి బల్ల మీద పంచె కూడా చూసుకోకుండా చతికిలబడ్డారు. "కాసిని మంచినీళ్ళిప్పించు నాయనా" అన్నారు. అవి తాగి, "ఎందుకవదు?" అని అడిగారు.

ఆ మనిషి పేరు మస్తాన్. అతనికీ విసుగ్గానే ఉంది. "ఏం కావాల్నో తెలకుండా ఏం అవుద్ది సామీ? మెత్తగా అంటాడు. మెత్తగా చేసినోడు ఒకడు చేసే ఉన్నాడు, చూస్తానే ఉండాను. ఎవురికి మెత్తగా? తోలేటోడికా, చెయ్యి పెట్టి నొక్కేటోడికా?" అంటూ బండి చుట్టూ తిరిగాడు. వెనక ఎడమ పక్క తలుపు తీసి, "ఆమె కూసునేది ఈ కుర్చీలోనే గదా?" అన్నాడు. చెప్పులు విప్పి అందులో ఎక్కి వాలాడు. "పదండి, ఆ రోడ్డుకి పోదాం" అన్నాడు.

ఇంతకు ముందు బండి చేసిచ్చిన రెండు షాపులవాళ్ళూ ఆ కుర్చీలో కూర్చోలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇద్దరూ స్టీరింగు ముందే కూర్చుని, షాపు ముందున్న సిమెంటు రోడ్డు మీద అటూ ఇటూ తోలి చూశారట.

క్వారీ రోడ్డెక్కాం. మస్తాన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పానకాలు గుంట గుంటకీ బ్రేకు వేస్తూ నత్తనడక నడిపిస్తున్నాడు. మస్తాన్ ఒక కన్ను తెరిచి, "రోజూ ఇంత నిదానంగా పోతే బడికి మజ్జానానికి చేరద్ది ఆమె. బడి గంటకి అందుకునేటట్టు తోలు" అన్నాడు. పానకాలు వేగం పెంచాడు. కల్వర్టు వచ్చింది. దాని తర్వాత లారీల చక్రాలు తొక్కి చేసిన కాలవలు వచ్చాయి. అతని పక్కనే కూర్చున్నాను గనక చెబుతున్నాను, నాకే పళ్ళు కదిలాయి. మస్తాన్ మూలిగాడు గాని కళ్ళు తెరవలేదు. ఆరో కిలోమీటరులో ఆపమన్నాడు. నడుం పట్టుకుని దిగి, రోడ్డు పక్కన పడున్న గ్రానైట్ దిమ్మ మీద కూర్చున్నాడు. రెండు మూడుసార్లు నడుము అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఈ బండ్లో ఆమెని ఎన్నిసార్లు ఎక్కించావు?" అన్నాడు చివరికి.

"ఇలా చేయించాక ఒక్కసారే."

మస్తాన్ తల పట్టుకున్నాడు. "రేపు పొద్దున్నే ఆమెని తీసకరా. చూడందే నేను చెయ్యి పెట్టను."

ఇక పానకాలు ఆగలేకపోయాడు. "ఆవిడెందుకయ్యా? ఆడమనిషి కూర్చునే చోటు కూడా లేదు నీ షెడ్డులో! ఏం కావాలో నన్నడుగు. అన్నీ రాసుకొచ్చాను" అని నోటుబుక్కు తెరిచాడు. నిజమే, రాశాడు. ఏ కిలోమీటరులో ఎన్ని గుంటలు, ఏ గుంట ఎంత లోతు, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయి, అన్నీ రాశాడు. ఆరు పేజీలు. ఆ మనిషికి భార్య అంటే ఎంత ప్రేమో ఆ పేజీలు చూస్తే తెలుస్తుంది. మస్తాన్ ఆ పేజీలు తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"బాగా రాశావు సారూ. నడుము నీదా?"

పానకాలు బండి ఊరివైపు తిప్పాడు. నాకు ఆకలి.

గురువారం పొద్దున గురువుగారూ నేనూ షెడ్డు దగ్గర ఉండగా నాంచారమ్మ అదే బండిలో నిదానంగా వచ్చి దిగింది. నడుముకి బెల్టు, చేతిలో కర్ర, మొహంలో ఇక ఎవరి మాటా వినే ఓపిక లేదన్న విసుగు. మస్తాన్ షెడ్డు ఊడ్పించి, ఎక్కడినుంచో ఒక కుర్చీ తెచ్చి వేసి ఉంచాడు. ఆవిడ కుర్చీ వంక చూడను కూడా చూడలేదు. తిన్నగా మళ్ళీ బండెక్కి కూర్చుంది. మస్తాన్ వంగి, నాలుగు చక్రాల పైనా ఎంతెంత ఖాళీ ఉందో కొలిచి, రేకు మీద సుద్దతో గీసుకున్నాడు. తర్వాత తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, బండి గుంటలో పడద్ది, మళ్ళా లేస్తది గదా. నెప్పి పడినప్పుడా, లేచినప్పుడా?"

నాంచారమ్మ అతని వంక చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి బాధతో వచ్చిన నీళ్ళని నేననుకోను.

"లేచినప్పుడు" అంది. "పడినప్పుడు కుర్చీ ఉంటుంది, అది పట్టుకుంటుంది. లేచినప్పుడు నన్ను పట్టుకునేది ఏముంది? ఎగరేస్తుంది. అప్పుడు నా నడుమే నన్ను పట్టుకోవాలి. మొదటిసారి చేయించినప్పుడు బండి కింద నుంచి కొట్టింది. దాన్ని ఎట్లాగో ఓర్చుకున్నాను. రెండోసారి మెత్తగా దిగి ఒక్కసారిగా ఎగరేసింది." అంటుంటే ఆవిడ గొంతు పెరిగింది. "ఈ బండి కొని రెండు నెలలయింది. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఈ ముక్క అడగలేదు. డాక్టరు నెప్పి ఉందా అని అడుగుతాడు. ఈయన ఏ గుంట దగ్గర అని అడుగుతారు, అడిగి పుస్తకంలో రాసుకుంటారు! మాస్టారు వచ్చి పళ్ళు ఇచ్చి వెళ్ళారు. మీరూ అడగలేదు గురువుగారూ."

"అడగలేదమ్మా" అన్నారు గురువుగారు. ఆయన తల వంచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పానకాలు నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నాడు. అతని మొహం చూడలేకపోయాను. నేను తీసుకెళ్ళిన బత్తాయిలు కూడా గుర్తొచ్చాయి.

మస్తాన్ మాత్రం ఉషారయ్యాడు. దొరకని నట్టు దొరికినట్టు చేతులు దులుపుకున్నాడు. "అయితే పని పట్టీల్లో సగమే అమ్మా. ఎగరేసేదాన్ని పట్టుకోవాల. దిగేటప్పుడు దిగనిచ్చి, లేచేటప్పుడు బిగబట్టే షాకబ్జర్లు ఏరుకోవాల. పట్టీలు పల్చనియి, ఎక్కువ వేస్తా. నీ బరువు ఒక పక్కే గాబట్టి ఎడమ పక్క పట్టీల కట్ట వేరే కొట్టాల." అని ఆగి, పానకాలు వైపు తిరిగాడు. "ముందే చెప్తున్నా సారూ. ఒక్కసారికే కుదరదు. సోమారానికి బడికి పోయేంత అవుద్ది, పూర్తిగా అవదు. మళ్ళా మళ్ళా తేవాల్సొస్తది. ఓపిక ఉంటే ఉంచు, లేదంటే తీసకపో."

పానకాలు తాళాలు ఇచ్చాడు. ఈసారి గురువుగారి వైపు చూడలేదు, నాంచారమ్మ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది.

ఆదివారం పొద్దున బండి తయారయింది. వెనక డోరు దగ్గర నొక్కి చూద్దామని పానకాలు చేతులెత్తాడు. మస్తాన్ చూసిన చూపుకి దించేశాడు. నాంచారమ్మ కుర్చీలో వాలింది. పానకాలు తోలాడు. మస్తాన్ ముందు సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. క్వారీ దాకా వెళ్ళి వచ్చేవరకూ అతను రోడ్డు వైపు ఒక్కసారి కూడా చూడలేదు, ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాడు. కల్వర్టు దగ్గర ఆవిడ కళ్ళు చిట్లిస్తే, "ఇంకా ఉంది" అన్నాడు. వెనక్కి తెచ్చి షాకబ్జర్లు విప్పి వేరేవి వేశాడు. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ విప్పాడు. మూడోసారి కల్వర్టు దాటాక ఆవిడే, "రేపు వెళ్తాను" అంది.

సోమవారం వెళ్ళింది. పానకాలుకి ఆఫీసు ఉంది గనక బండికి ఒక డ్రైవర్ని కుదిర్చారు.

ఆ సాయంత్రం మేమందరం వరండాలో కూర్చున్నాం. పానకాలు ఆఫీసు నుంచి తిన్నగా క్లాసుకే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. వస్తూనే నోటుబుక్కు తెరిచాడు. పొద్దున్నుంచి ఫైళ్ళ మధ్య కూర్చుని రాశాడట. పని తెలిసినవాడి లక్షణాలు, వరుస నంబర్లతో. మొత్తం చెప్పనిచ్చి వింటాడు. అవని పనిని అవదంటాడు. బాధ పడేవాళ్ళ చోట తాను కూర్చుని చూస్తాడు. ఎవరూ అడగని ప్రశ్న అడుగుతాడు. ఒక్కసారికే అయిపోతుందని చెప్పడు. ఇలా తొమ్మిది చదివాడు. చదువుతున్నంతసేపూ మేం తలలూపుతూనే ఉన్నాం. చక్కగా రాశాడు, కాదనను. నేనైతే ఆ కాగితం జిరాక్సు తీయించుకుందామనే అనుకున్నాను.

"నా ప్రశ్నకి జవాబు ఇదేగదండీ గురువుగారూ?" అన్నాడు.

గురువుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాంచారమ్మకి ఎట్లా ఉందిట ఇవాళ?"

"బ్రహ్మాండంగా నడిచిందటండీ. దారిలో ఎక్కడా కింద తగల్లేదట, డ్రైవరు ఫోను చేసి చెప్పాడు."

"బండి సంగతి కాదు."

పానకాలు చేతిలో నోటుబుక్కు అలాగే ఉంది. మాలో ఎవరూ తల ఊపలేదు.

"ఇంకా ఇంటికి వెళ్ళలేదండీ" అన్నాడు మెల్లిగా. "అడగలేదు."

గురువుగారు లేచి చెప్పులు వేసుకున్నారు.

"మస్తాన్ మధ్యాహ్నమే బడికెళ్ళి అడిగొచ్చాడు. తిరిగొస్తూ ఇక్కడ ఆగి చెప్పాడు" అన్నారు. "లేచినప్పుడు ఇంకా కొంచెం ఉందిట."